వరుస మార్చిన అక్షరములు



మాది కోనసీమలోని దిండి. వసిష్ఠ గోదావరి సముద్రమున గలియుటకు ముందు మా యూరి కొబ్బరితోటల నొరసికొని పోవును. ఆవలి యొడ్డున చించినాడ. నాకు పెదనాన్న వరుసయగు నొక పెద్దమనిషి నేటికిని ఆ యూరనే యున్నారు. ఎనుబదియేండ్లు నిండినవి. చిన్ననాడు ఛందస్సు శ్రద్ధగా చదివికొన్నవారు; యతి తప్పిన పద్యము చెవిని బడినచో నేటికిని మొగము చిట్లించుదురు. ఆయన పింఛను బ్యాంకులో పడును. సొమ్ము తీయు యంత్రము, దానికొక కార్డు, ఆ కార్డునకు నాలుగంకెల రహస్యసంఖ్య, ఇవి యన్నియు ఆయనకు ముదిమిలో వచ్చిపడిన చిక్కులు.

మొన్నటి సంక్రాంతికి నేను ఊరికి పోయినప్పుడు ఆయన పంచాంగము అట్టవెనుక నాలుగంకెలు వ్రాసియుండుట చూచి, "పెదనాన్నగారూ, ఇది మీ కార్డు సంఖ్య కాదుగదా?" అని యడిగితిని. ఆయన నవ్వి, "నేనంత తెలివితక్కువవాడనా అబ్బాయీ? వరుస మార్చి వ్రాసితిని. ఎవడు చూచినను వానికి దొరకునది తప్పు సంఖ్యయే" అనిరి.

నేను ఒక చీటీ తీసికొని లెక్క వేసి చూపితిని. నాలుగు వేర్వేరు అంకెలలో మొదటిచోట నాలుగింటిలో నేదైనను నిలుపవచ్చును, రెండవచోట మిగిలిన మూటిలో నొకటి, మూడవచోట రెండింటిలో నొకటి, నాలుగవచోట మిగిలినది. నాలుగు మూళ్లు పండ్రెండు, రెండు పండ్రెండ్లు ఇరువదినాలుగు. వ్రాసియున్నది తప్పని తెలిసినవాడు దానిని విడిచిపెట్టును గనుక మిగిలినవి 23. యంత్రము సాధారణముగా మూడు ప్రయత్నములవరకు ఓర్చును. కావున దారిన బోవు దొంగకు సైతము ఎనిమిదింట నొకపాలు అవకాశము గలదు. అంతటితో తీరలేదు. ఆ నాలుగింటిలో 1, 9 రెండును కనబడుచున్నవి. ఈయన వయస్సెరిగినవాడు ఇది పుట్టిన సంవత్సరమని ఇట్టే యూహించును. 1, 9 ముందునకు పోయినచో తక్కిన రెండంకెలు నిలుచుటకు రెండే తీరులు. మూడవ ప్రయత్నముతో పనియే లేదు.

పెదనాన్నగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అట్లయిన పూర్వము రాజులును సేనాపతులును వరుస మార్చి వ్రాసికొనిరనుట వట్టిమాటయా? నీవు కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాసి బ్రదుకువాడవు గదా, దానికి ఈ విద్య నేర్పి చూపుము. ఎంతవరకు పనికివచ్చునో నేనే చూచెదను" అనిరి. ఆ రాత్రి మాయింటి యరుగుమీద జరిగిన ప్రసంగమునే కొంత సవరించి నేడు మీకు వినిపించుచున్నాను.

రహస్యముగా వ్రాయుటకు మూలమున రెండే మార్గములు గలవు. ఒక యక్షరమునకు మారుగా వేరొక యక్షరమును నిలుపుట మొదటిది. అక్షరములను మార్చక వాని స్థానములను మాత్రమే మార్చుట రెండవది. ఈ రెండవదియే అక్షరవ్యత్యాసము. కొబ్బరితోటతో పోల్చి చెప్పెదను. మొక్కలు నాటునప్పుడు కాలువగట్టు ననుసరించి అడ్డువరుసలుగా నాటుదుము. దింపు తీయువాడు అదే తోటలో నిలువువరుసల వెంబడి పోవచ్చును. చెట్టొకటి హెచ్చలేదు, ఒకటి తగ్గలేదు. కాయలు కుప్పకు చేరిన క్రమము మాత్రము నాటిన క్రమము గాదు. దింపువాడు నడచిన దారి తెలిసినవానికి ఏ కాయ ఏ చెట్టుదో చెప్పుట సులభము. తెలియనివానికి అన్నియు కాయలే.

ఈ విద్య మనకు క్రొత్తది గాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్ప మనునది యొకటి. దానికి జయమంగళయను వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు, సాధుశబ్దములతో కూర్చిన మాటయే యైనను అక్షరవ్యత్యాసముచేత అర్థము తెలియకుండ చేయుటయని వివరించెను. మన తెలుగున పింగళి సూరన 16వ శతాబ్దమున రచించిన కళాపూర్ణోదయమునం దొక పద్యము గలదు; మొదటినుండి చదివిన తెలుగు, తుదినుండి వెనుకకు చదివిన సంస్కృతము. వేదాంతదేశికులు పాదుకాసహస్రమున ఇంకను చిత్రమైన పని చేసిరి. 32 అక్షరముల శ్లోకమును వరుసకు ఎనిమిదేసి చొప్పున నాలుగు వరుసల గళ్లలో నిలిపి, చతురంగపు గుఱ్ఱము దుమికిన త్రోవను చదివినచో దాని తరువాతి శ్లోకము వెలువడును. 9వ శతాబ్దమునందే రుద్రటుడు కావ్యాలంకారమున ఈ గుఱ్ఱపు నడకను చూపియున్నాడు.

వీరు చేసినది దాచుటకు గాదు, నేర్పు చూపుటకు. వరుస మార్చుటకు మూడవ ప్రయోజన మొకటి గలదు. అది మన కోనసీమ అగ్రహారములవారికి చెప్పనక్కఱలేదు. ఘనపాఠమున పదములు ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని నడచును. ఒక పదము జారినను, ఒక స్వరము చెడినను వెనువెంటనే పట్టువడును. అచ్చట వరుస మార్చుట వేదమును చెదరకుండ కాపాడుటకు. అదే పనిముట్టును గ్రీసుదేశమున స్పార్టావారు దాచుటకు వాడిరని ప్లుటార్కు వ్రాసెను: ఒక కఱ్ఱకు పట్టెను చుట్టి, చుట్లమీదుగా వ్రాసి, విప్పి పంపెడివారు; అదే లావుగల కఱ్ఱ యున్నవాడు మరల చుట్టి చదివికొనెడివాడు.

సూరన పద్యమునుగూర్చి ఒక్కమాట. దానిని వెనుకకు చదువునప్పుడు ఎవరును దీర్ఘమును హల్లునుండి విడదీయరు, ఒత్తును ఊడదీయరు. అక్షర మక్షరముగనే నిలుచును. దీనిని మనస్సున నుంచుకొనుడు. యంత్రముదగ్గర మాకు వచ్చిన చిక్కంతయు ఇందే యున్నది.

ఇప్పుడొక ఉదాహరణము. వినుచున్నవారు కాగితము, పెన్సిలు తీసికొనుడు. ఒక వర్తకుడు పోటీవారికి తెలియకుండ పంపదలచిన కబురు ఇది: "రేపు తెల్లవారుజామున పడవమీద కొబ్బరి పోవును." దీనికి ఇరువురికి మాత్రమే తెలిసిన తాళపుమాట యొకటి కావలెను. మా మండలకేంద్రమగు మలికిపురమును తీసికొందము. మ, లి, కి, పు, రం అని ఐదక్షరములు. వీనిని వర్ణమాల క్రమమున చూచినచో ముందు కకారము, పిమ్మట పకారము, మకారము, రేఫ, లకారము. కనుక కి మొదటిది, పు రెండవది, మ మూడవది, రం నాలుగవది, లి యైదవది. తాళపుమాట క్రింద కబురును వరుసకు ఐదేసి యక్షరములుగా వ్రాయవలయును:

మ లి కి పు రం
3 5 1 2 4
రే పు తె ల్ల వా
రు జా ము న ప
డ వ మీ ద కొ
బ్బ రి పో వు ను

వ్రాసినది అడ్డముగా, తీయునది నిలువుగా, అంకెల వరుసను. ఒకటవ అంకె క్రిందివి తెముమీపో. రెండవదాని క్రిందివి ల్లనదవు. తరువాత రేరుడబ్బ, వాపకొను, పుజావరి. అన్నిటిని కలిపి పంపినచో, "తెముమీపో ల్లనదవు రేరుడబ్బ వాపకొను పుజావరి." చివరిమాట యెవరో పూజారిపేరువలె నున్నది గాని, కబురంతయు అందే యున్నది. చేతితో చేయుటకు ఐదు నిమిషములు పట్టును.

ఇక యంత్రము. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయుటకు భాషలనేకములు గలవు. మేము తీసికొన్నది సీ యను భాష. అమెరికాలో బెల్ ప్రయోగశాలయందు డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున దీనిని నిర్మించెను. 1978లో బ్రయన్ కెర్నిహన్, రిచీలు కలిసి దీనినిగూర్చి చిన్న పుస్తకము వెలువరించిరి. అర్ధశతాబ్దము గడచినను ఈ భాష వాడుకనుండి పోలేదు. ఇది పొదుపరి భాష. చెప్పినది చేయును, చెప్పనిది చేయదు, మనము తప్పు చెప్పినను ఎదురు పలుకక చేయును. పొలమునకు గట్టు లేనట్లు, ఇరువది గళ్లు అడిగి ఇరువదియొకటవ గడిలో వ్రాసినను అడ్డుపడదు. అది ఎవరి మడియైనను అందు దున్నివేయును. గళ్లెన్నియో లెక్కించుకొనుట వ్రాయువాని పూచీ.

ఈ భాషలో అక్షరమునకు చార్ అని పేరు. పేరు అక్షరమేగాని వాస్తవమున అది 0 మొదలు 255 వరకు ఒక సంఖ్య పట్టు చిన్న గది, దీనిని బైటందురు. ఇంగ్లీషు అక్షరము ఒక్కొక్కటి ఒక్కొక్క గదిలో ఇముడును. మన అక్షరములు అట్లు ఇమిడునవి గావు. ప్రపంచలిపులన్నిటికి సంఖ్యలు కేటాయించిన యూనికోడను ఏర్పాటున 1991లో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు వచ్చినవి. అందు గుణింతములన్నియు లేవు. హల్లులు వేరు, అచ్చులు వేరు, గుణింతపు గుర్తులు వేరు, పొల్లు వేరు. "తె" యనగా యంత్రమునకు తకారము, ఎత్వము అను రెండు గుర్తులు. "ల్ల" యనగా లకారము, పొల్లు, మరల లకారము అను మూడు గుర్తులు. ఒక్కొక్క గుర్తును దాచుటకు మూడేసి బైట్లు. మన కబురును ఖాళీలు తీసివేసి లెక్కించితిమి: మనకు 20 అక్షరములు, యూనికోడునకు 37 గుర్తులు, సీ భాషకు 111 బైట్లు. పొడవెంతయని సీ నడిగినచో 111 అనియే చెప్పును.

నేను తొందరపడి మొదట వ్రాసిన ప్రోగ్రాము ఆ 111 బైట్లనే తారుమారు చేసినది. తెరమీద వెలసినది తెలుగు గాదు, మఱి యే భాషయు గాదు. నల్లని గళ్లలో ప్రశ్నార్థకములు. యంత్రము వానిని తిరిగి యథాస్థానమున నిలుపగలదు, సందేహము లేదు; కాని కాగితముమీద వ్రాసి పంపుటకుగాని నోట చెప్పుటకుగాని అది పనికిరాదు. పెదనాన్నగారు కళ్లజోడు సవరించుకొని, "ఇది నిజముగా రహస్యమే, వ్రాసినవానికి గూడ" అనిరి. రెండవమారు 37 గుర్తులను మార్చి చూచితిని. అప్పుడు ఎత్వములు తకారమును విడిచి ఇతర హల్లులమీద కూర్చున్నవి. కొన్ని ఏ హల్లును దొరకక ఒంటరిగా వ్రేలాడినవి.

"మీరే చెప్పుడు, అక్షరమనగా నేమి?" అని యడిగితిని. "గురులఘువులు లెక్కించునప్పుడు దేనిని ఒక్కటిగా లెక్కింతుమో అది యక్షరము. ఇందేమి యున్నది?" అనిరి. ఆ మాటనే యంత్రమునకు తెలియునట్లు చెప్పవలసివచ్చినది. గుర్తులను ఒక్కొక్కటిగా చూచుచు పొమ్ము. గుణింతపు గుర్తు, సున్న, విసర్గ, పొల్లు, ఇవి వచ్చినచో వెనుకటి యక్షరమునకే చేర్చుము. హల్లు వచ్చినచో దానికి ముందున్నది పొల్లా యని చూడుము. పొల్లయినచో అది ఒత్తు, వెనుకదానికే చేర్చుము. కాదేని అచ్చట క్రొత్త యక్షరము మొదలు. అచ్చు వచ్చినను క్రొత్త యక్షరమే. పొల్లునకు యూనికోడున 3149వ సంఖ్య; కకారమునుండి హకారమువరకు 3093 మొదలు 3129; కనుక ఏది హల్లో, ఏది పొల్లో తెలిసికొనుటకు యంత్రమునకు సంఖ్యల పోలిక చాలును. ఈ సూత్రముతో ఆడించినంతనే యంత్రముకూడ 20 అని చెప్పినది. పెదనాన్నగారు వ్రేళ్లమీద లెక్కించి, ఒప్పుకొనిరి.

ఇట్లు విడదీసినపుడు అక్షరములను కదల్పనక్కఱలేదు. ప్రతి యక్షరము ఎన్నవ బైటునొద్ద మొదలగునో, ఎన్ని బైట్ల పొడవో రెండు జాబితాలుగా వ్రాసికొనవలయును. ఆ మీదట మార్చునది ఈ చిరునామాల వరుసనే.

వరుస మార్చు భాగము ఆశ్చర్యకరముగా చిన్నది. సీ భాషలో లెక్క సున్నతో మొదలగును. మొదటి యక్షరము 0వది, చివరిది 19వది. ఒక స్థానసంఖ్యను 5 చేత భాగించినచో లబ్ధము అడ్డువరుసను, శేషము నిలువువరుసను చెప్పును. కావున గళ్ల పట్టికను గీయనే అక్కఱలేదు. "కి" క్రింది నిలువువరుస కావలయునన్న 2తో మొదలిడి ఐదేసి కూడుచు పోవుటయే: 2, 7, 12, 17. తె, ము, మీ, పో. తరువాత కూడినది 20 దాటును గనుక ఆగును. ఇట్టి ఆవృత్తికి సీలో ఫర్ అను మాట గలదు. ఎచ్చట మొదలు, ఎంతవరకు, ఎంతేసి యని మూడు సంగతులు దానికి చెప్పిన చాలును. వెలుపల నొక ఫర్, అది నిలువువరుసలను తాళపుమాట క్రమమున, అనగా 2, 3, 0, 4, 1 అని పిలుచును. లోపల నొక ఫర్, అది ఆ నిలువువరుసలో ఐదేసి దుముకుచు అక్షరములను వెలికి తీయును. పని యంతయు ఇంతే.

విప్పుటకు వేరు ప్రోగ్రాము వ్రాయబోయితిని. అవసరము లేదని తరువాత తోచినది. అవే రెండు ఆవృత్తులు, అవే స్థానములు. కట్టునప్పుడు ఆ స్థానమునుండి తీసి వరుసగా వ్రాయుదుము; విప్పునప్పుడు వరుసగా చదివి ఆ స్థానమున పెట్టుదుము. కబురు 18 అక్షరములే యుండి చివరివరుస నిండకపోయిన నేమగునని పెదనాన్నగారు ప్రశ్నించిరి. చేతితో చేయువారు తప్పునది ఇచ్చటనే. ఏ నిలువువరుసకు నాలుగు, దేనికి మూడు అని ముందే గుర్తింపవలయును. యంత్రమునకు ఆ చింత లేదు. 18 చేరకముందే యాగుమని చెప్పినచో పొట్టివరుసలు తమంత తామే పొట్టివగును.

అయితే ఇంకొక దెబ్బ తింటిమి. పరీక్షకై వేరొక కబురు వ్రాసి అందు "బస్" అను మాట వాడితిని. సకారమునకు పొల్లు. అక్షరములు తారుమారైనప్పుడు ఆ పొల్లు పోయి "తె" ముందు నిలిచినది. రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాయగానే "స్తె" యైనది! ఇరువది పందొమ్మిదైనవి, విప్పబోవగా అక్షరము లేవియు తమ గళ్లలో పడక కబురంతయు మట్టిపాలైనది. పెదనాన్నగారు, "మన భాష అజంతమని పెద్దలు ఊరక చెప్పిరా? బస్సు అని వ్రాసియున్నచో ఈ తిప్ప లుండునా?" అని ఎత్తిపొడిచిరి. మాట నిజమేగాని, పద్యములందలి ద్రుతములు, నేటి పరభాషాపదములు పొల్లుతో ముగియుచునే యున్నవి. అందుచేత కబురును ఖాళీలతోనే అక్షరములుగా విడదీసి, ఆ పిమ్మటనే ఖాళీలను తీసివేయుమనియు, వెలికి వ్రాయునప్పుడు ప్రతి యక్షరమునకు నడుమ ఒక్కొక్క ఖాళీ నుంచుమనియు ఆజ్ఞ చేర్చితిని. అంతట సరిపడినది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది దాచునా?

పైన మీకు చెప్పిన కొబ్బరి కబురును నేను లోపల కూర్చుండి తయారుచేసి, మూలమునుగాని తాళపుమాటనుగాని చెప్పక, మార్చిన రూపమును మాత్రము పెదనాన్నగారి చేతికిచ్చితిని. ఇరువది యక్షరములు, ఐదు నిలువువరుసలు అని మాత్రము చెప్పితిని. ఐదు వరుసలను అమర్చుటకు 120 తీరులు. యంత్రమైనచో అన్నిటిని రెప్పపాటులో వ్రాసి చూపును. పెదనాన్నగారికి యంత్ర మక్కఱలేకపోయినది.

ఆయన అక్షరములను నాలుగేసిగా ఐదు చీటీలమీద నిలువుగా వ్రాసికొనిరి. కొంతసేపు చూచి, రెండవ చీటీ తలమీదనున్న "ల్ల"ను వ్రేలితో తట్టి, "తెలుగుమాట ఏదియు దీనితో మొదలుకాదు. దీనికి ముందు అక్షరము ఉండితీరవలెను. అదియు హ్రస్వమై యుండుట మేలు" అనిరి. తక్కిన చీటీల తలలు తె, రే, వా, పు. రే, వా దీర్ఘములు, పోయినవి. మిగిలినవి రెండు. "పు" చీటీని ప్రక్కన పెట్టిరి: పుల్ల, జాన, వద, రివు. మొదటి రెండు బాగుగనే యున్నవి, చివరిది మాట గాదు. దానిని తీసి "తె" చీటీని పెట్టిరి: తెల్ల, మున, మీద, పోవు. ఆయన కన్నులు మెరిసినవి. "పోవు" తరువాత "ను" గల చీటీ చేర్చిరి, పోవును. పైన తెల్లవా, మునప, మీదకొ. ఇక మిగిలినవి రెండు చీటీలు. రేపు అని కుదిరినవి. నాలుగవ వరుస తలమీద "బ్బరి" యుండుట చూచి, మూడవ వరుస చివరనున్న "కొ"ను దానికి తగిలించి, "కొబ్బరి!" అని బిగ్గరగా అనిరి. లోపలినుండి పెద్దమ్మగారు ఏమైనదోయని బయటకు వచ్చిరి. కాఫీ చల్లారునంత సేపుకూడ పట్టలేదు.

ఆయన పట్టుకొన్న పట్టు గమనింపుడు. వరుస మార్చినను ఒత్తు ఒత్తుగనే, దీర్ఘము దీర్ఘముగనే కనబడుచున్నవి. ఏ యక్షరము దేని ప్రక్కన కూర్చుండునో భాష తెలిసినవానికి తెలియును. పంచాంగముమీది 1, 9 అంకెలు నాకు చెప్పినట్టిదే "ల్ల" ఆయనకు చెప్పినది.

దీని బలహీనత ఎరిగినవారు ఒకమారు మార్చినదానినే మరల నింకొక తాళపుమాటతో మార్చిరి. అప్పుడు నిలువువరుసలు తెగి చెదరిపోవును, చీటీలాట సాగదు. ప్రోగ్రామున ఇది చేయుటకు అవే ఆజ్ఞలను రెండుమార్లు పిలిచిన చాలును. 1914లో మొదటి ప్రపంచయుద్ధము మొదలైనప్పుడు జర్మనులు ఇట్టి రెండింతల వ్యత్యాసమునే వాడిరి; ఫ్రెంచివారు దానిని ఆ యేటనే చదివిరి. రెండవ యుద్ధమున బ్రిటిషువారు శత్రువులు ఆక్రమించిన దేశములకు పంపిన రహస్యదూతలకును ఈ విద్యనే నేర్పిరి. దూత ఒక పద్యమును కంఠస్థము చేయవలెను. అందులోని ఐదుమాటలను ఏరి తాళముగా చేసికొని, కబురును రెండుమార్లు తారుమారు చేసి వైర్‌లెస్సు మీద పంపవలెను. కాగితముతో పనిలేదని ఆశ. కాని పద్యము పేరుగన్నదైనచో శత్రువు గ్రంథములు తిరగవేసి పట్టుకొనును. పట్టువడిన దూతను హింసించి చెప్పించును. భయముమధ్య ఒక్క యక్షరము తప్పు లెక్కించినను లండనులో కబురు చదువరానిదగును. 1942లో ఆ శాఖయందు చేరిన లియో మార్క్స్ అను యువకుడు ఇట్టి చెడిన కబురులను ఓర్పుతో విప్పుటకు యువతుల బృందమును నియమించెను. తరువాత పద్యములకు మారుగా, ముందే సిద్ధపరచిన తాళములను పట్టుగుడ్డమీద అచ్చువేయించి ఇప్పించెను. ఒక్కొక్కటి ఒక్కమారు వాడి, కత్తిరించి కాల్చివేయవలెను. ఒకటి శత్రువునకు చిక్కినను తక్కిన కబురులు చెడవు.

ఆయన తీర్చిదిద్దిన దూతలలో మన దేశపు రక్తముగల యువతి యొకతె, నూర్ ఇనాయత్ ఖాన్. తండ్రి బరోడాలో పుట్టిన సంగీతవిద్వాంసుడు, సూఫీ గురువు. టిప్పు సుల్తాను వంశపు సంబంధము. 1943 జూనులో ఆమె ఫ్రాన్సున దిగి, తోటివారనేకులు పట్టువడినను వైర్‌లెస్సును విడువక పారిసునుండి కబురులు పంపెను. అక్టోబరులో చిక్కినది. ఆమె పంపిన కబురులను, విప్పిన రూపముతోసహా, ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనెను. అది జర్మనుల చేతబడినది. వారు ఆమె పేరుతో లండనునకు దొంగకబురులు పంపి మోసగించిరి. హింసలకు ఆమె నోరు తెరవలేదు. 1944 సెప్టెంబరు 13న డాహౌ నిర్బంధశిబిరమున ఆమెను చంపిరి. 1949లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు జార్జి క్రాస్ ఇచ్చినది. ఈ సంగతి చెప్పునప్పుడు పెదనాన్నగారు పంచాంగమువైపు చూచుట నేను గమనించితిని, ఏమియు అనలేదు.

అట్లని ఈ విద్య మూలబడినదని తలపవలదు. 1949లో క్లాడ్ షానన్ అను అమెరికా గణితజ్ఞుడు, అక్షరమునకు బదులక్షరము నిలుపుటయు, వరుస కలయబెట్టుటయు రెండును మరల మరల జోడించినచో బలమైన రహస్యలిపి ఏర్పడునని వ్రాసెను. నేడు బ్యాంకుల లావాదేవీలను, ఫోనుల సంభాషణములను కాపాడు ఏఈఎస్ అను పద్ధతి 2001లో ప్రమాణమైనది. బెల్జియం దేశస్థులగు డేమన్, రైమెన్ అనువారి కల్పన. అందు 16 బైట్లను నాలుగు నాలుగు గళ్లుగా నిలిపి, రెండవ వరుసను ఒక గడి, మూడవదానిని రెండు గళ్లు, నాలుగవదానిని మూడు గళ్లు ప్రక్కకు త్రిప్పుదురు. అది మన వ్యత్యాసమే. కాని దానికి ముందు ప్రతి బైటును వేరొకదానిగా మార్చుదురు, తరువాత నిలువువరుసలను కలిపి గుణింతురు, తాళపు సంఖ్యను కలుపుదురు. ఇట్లు తాళపు పొడవునుబట్టి 10 మొదలు 14 పర్యాయములు. అచ్చట బైటులను విడగొట్టుట తప్పు గాదు, కోరిన పనియే. ఏలయనగా ఒత్తులు, దీర్ఘములు కనబడకపోవుటయే వారికి కావలసినది. ఏ పని మా ప్రోగ్రామును నల్లని గళ్లపాలు చేసినదో, అదే పని అచ్చట ఉపకారి.

మరునాటి ఉదయము పెదనాన్నగారు పంచాంగము అట్టమీద సిరా పూసిరి. ఇరువురము మలికిపురము పోయితిమి. ఆయన యంత్రమునకు ఎదురుగా నిలిచి, నన్ను అవతలకు తిరుగుమని చెప్పి, క్రొత్తసంఖ్య నొక్కిరి. తిరిగివచ్చునప్పుడు రిక్షాలో, "ఈమారు పుట్టిన సంవత్సరము గాదులే" అని మాత్రము అనిరి. ఆ సాయంకాలము నాకొక చీటీ అందించిరి. దానిమీద ఆయన చేతివ్రాతతో ఇరువదియైదు అక్షరములు, పొల్లుగాని ఒత్తుగాని ఒక్కటియు లేకుండ ఏరి కూర్చినవి. తాళపుమాట చెప్పలేదు. నేను రాత్రంతయు చీటీలు మార్చి చూచి, తుదకు యంత్రముచేత 120 తీరులును వ్రాయించి చదివితిని. తెల్లవారి ఏడుగంటల బస్సునకు తన మనుమరాలికి అరటిపండ్లు పట్టుకొని పొమ్మని అందు వ్రాసియున్నారు. ఆ బస్సు అప్పటికే వెళ్లిపోయినది.